ఊరు తప్పిన రాయి: ప్రపంచీకరణ పాఠం నుంచి హిమానీనదం దాకా ఒకే ప్రశ్న

తరగతిలో దాదాపు అందరూ సరిగ్గా రాసిన ఒక జవాబు నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. తొమ్మిదో తరగతి, ‘హిమానీనదం చేసే పనులను వివరించండి’ అన్న ప్రశ్న. యు ఆకారపు లోయ, సర్క్ (కొండ పక్కన మంచు తొలిచిన గిన్నెలాంటి గుంత), మొరైన్ (మంచు మోసుకొచ్చి దించిన రాళ్లూ మట్టీ కుప్ప) అంటూ పేర్లన్నీ రాశారు, బొమ్మలు ముచ్చటగా వేశారు. మర్నాడు పేపర్లు పంచాక గంగోత్రి హిమానీనదం కొస, అంటే గోముఖం ఫోటో చూపించాను. అందులో మంచు తెల్లగా కనిపించదు. మట్టీ రాళ్లూ కప్పుకున్న ఒక మురికి గోడ, దాని అడుగు నుంచి ఉరికివచ్చే బూడిదరంగు నీళ్లు. ఇది ఏమిటని అడిగాను. ‘కొండచరియ విరిగింది సార్’ అన్నారు కొందరు. ‘క్వారీ’ అన్నారు ఎక్కువ మంది. పాఠంలో తాము గీసిన బొమ్మకూ ఈ ఫోటోకూ సంబంధం ఉందని ఒక్కరికీ తట్టలేదు.

వెనక బెంచీలోని ఒక అబ్బాయి లేచి, ‘మంచు గట్టిగా ఉంటుంది కదా సార్, అది నది ఎలా అవుతుంది?’ అన్నాడు. ‘చాలా నెమ్మదిగా కదులుతుంది’ అని చెప్పి తర్వాతి పాఠంలోకి వెళ్లిపోయాను. అతడు వేగం గురించి అడగలేదు, గట్టి వస్తువు పారడం ఎలా సాధ్యమని అడిగాడు. నేను జవాబు చెప్పినట్టు నటించాను. పదిహేడేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నవాడిని, ఆ ప్రశ్నకు పిల్లవాడు నమ్మేలా చెప్పగల జవాబు నా దగ్గర లేదు.

ఆ తరగతే మరుసటి ఏడాది పదికి వచ్చింది. అప్పుడు జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను. నాలాగే భూగోళం చెప్పేవాళ్లకు ఉపయోగపడుతుందని నమ్ముతున్నాను.

ఈ బడి, ఈ పిల్లలు

మాది ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో, రాజీవ్ రహదారికి దగ్గరగా ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఒక పక్క గ్రానైట్ గుట్టలు. ఇంకొంచెం ఉత్తరానికి వెళితే రామగుండం, బొగ్గు బావులు. పిల్లల ఇళ్లలో వ్యవసాయం ఉంటుంది, సింగరేణి ఉద్యోగం ఉంటుంది, గల్ఫ్ ఉంటుంది. తండ్రిని ఫోను తెరమీదే ఎక్కువగా చూసిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఇకామా (గల్ఫ్ నివాస అనుమతి), కఫీల్ (అక్కడ పూచీ ఉండే యజమాని) అన్న మాటలు ఎనిమిదో తరగతి నాటికే వాళ్లకు తెలుసు. మంచు మాత్రం ఫ్రిజ్‌లో తప్ప ఎవరూ చూడలేదు.

అందుకే చాలా ఏళ్లు నేను ఈ రెండు పాఠాలనూ రెండు కొసలుగా చూశాను. ప్రపంచీకరణ వీళ్లకు దగ్గరిది కాబట్టి తేలిక, హిమానీనదం దూరపుది కాబట్టి కష్టం అనుకున్నాను. అది తప్పని ఆ ఏడాది తెలిసింది. ప్రపంచీకరణ పాఠాన్నీ వాళ్లు పేర్లుగానే చదువుకున్నారు. ‘బహుళజాతి సంస్థ అంటే ఒకటి కంటే ఎక్కువ దేశాల్లో ఉత్పత్తిని నియంత్రించే సంస్థ’ అని అప్పజెప్పేవారు. తమ ఇంట్లోని దుప్పటికి ఆ వాక్యంతో సంబంధం ఉందని వాళ్లకు అనిపించలేదు.

బడి గేటు దగ్గర ఆగిన లారీ

ఆగస్టులో ఒక గ్రానైట్ లారీ టైరు పేలి మా గేటుకు ఎదురుగా ఆగిపోయింది. రెండు రోజులు అక్కడే ఉంది. పైన ఒకే ఒక దిమ్మె, దాని పక్కన ఎర్ర రంగుతో రాసిన నంబరు, కొలతలు. మా పిల్లలు రోజూ ఇలాంటివి చూస్తారు కాబట్టి ఎవరూ తల తిప్పలేదు. నేను డ్రైవర్‌ను అడిగి, టేపు ఇచ్చి ఆరుగురిని పంపాను. పొడవు 280 సెంటీమీటర్లు, వెడల్పు 170, ఎత్తు 150. తరగతికి తిరిగొచ్చి లెక్క కట్టారు. ఘనపరిమాణం 7 ఘనపు మీటర్ల పైచిలుకు. గ్రానైట్ ఒక ఘనపు మీటరు సుమారు 2.7 టన్నులు తూగుతుందని నేను చెప్పాను. మొత్తం 19 టన్నుల రాయి. డ్రైవర్ దగ్గరి కాంటా చీటీలో ఉన్న బరువుకు దగ్గరగానే వచ్చింది. ఆ క్షణంలో తరగతి లేచి కూర్చుంది. తమ లెక్క ఒక నిజమైన కాగితంతో సరిపోయిందన్న సంతోషం వాళ్ల ముఖాల్లో కనిపించింది.

బోర్డు మీద అయిదు ప్రశ్నలు రాశాను. ఈ వస్తువు ఎక్కడిది? ఎవరు, లేదా ఏది, మోసుకొచ్చింది? దారిలో దానికి ఏమైంది? బయల్దేరిన చోట ఏం మిగిలింది? చేరిన చోట ఏం మారింది? ఇవి నేను ఏ పుస్తకంలోనూ చూసి రాయలేదు. లారీ ఎదురుగా ఉంది కాబట్టి అలా వచ్చాయి. తర్వాతి పనంతా ఈ అయిదు ప్రశ్నల మీదే నడిచింది.

మా వైపు తీసే ముదురు గోధుమరంగు గ్రానైట్‌ను వ్యాపారంలో ‘టాన్ బ్రౌన్’ అంటారు. దిమ్మెలు కరీంనగర్ నుంచి రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడినుంచి ఓడలో చైనాకు వెళ్తాయి. ఫూజియాన్ రాష్ట్రంలోని షియామెన్ రేవు చుట్టుపక్కల రాయి కోసి మెరుగుపెట్టే పరిశ్రమ పెద్దది. అక్కడ పలకలుగా మారిన రాయి ఇంకో దేశానికి పోతుంది. మా బడిలో చదివి ఇప్పుడు టెక్సాస్‌లో ఉంటున్న ఒక పాత విద్యార్థి తన వంటింటి గట్టు ఫోటో పంపితే తరగతిలో చూపించాను. గోధుమరంగు చుక్కలున్న ఆ రాయి మా గుట్టదేనని నేను చెప్పలేను. రకం మాత్రం అదే. పిల్లలు ఫోటోను చాలాసేపు పెద్దది చేసి చూశారు.

ఇక్కడే కంటైనర్ చరిత్ర చెప్పాను, ఎందుకంటే ‘రవాణా ఖర్చు తగ్గింది’ అన్న వాక్యం ఊరికే చదివితే ఏమీ పట్టదు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 ఇనుప పెట్టెలతో బయల్దేరింది. లారీల వ్యాపారి మాల్కం మెక్లీన్ ఆలోచన అది. సరుకును మూటమూటగా దించి ఎక్కించే బదులు పెట్టెను పెట్టెగానే లారీ మీద నుంచి ఓడలోకి మార్చడం. ఇంతకు మించి అందులో కొత్త యంత్రమేమీ లేదు. ఆ చిన్న మార్పు వల్లే దూరం అన్నది ఖర్చులో ఇంత చిన్న భాగమైంది. 2021 మార్చిలో 400 మీటర్ల పొడవున్న ‘ఎవర్ గివెన్’ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసేసిన సంగతి చెప్పి, ఆ వారం రేవుల్లో ఎవరెవరు ఎదురుచూసి ఉంటారో జాబితా రాయమన్నాను. ఒక అమ్మాయి ‘పళ్ల వ్యాపారి’ అని రాసి, పక్కన బ్రాకెట్లో ‘దుబాయిలో మా నాన్న పనిచేసే గోదాములో లోడు దించేవాళ్లు’ అని రాసింది.

తర్వాతి రోజు ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చారు. నేను ఊహించినట్టే టార్చిలైట్లు, ఖర్జూరం డబ్బాలు, బామ్ సీసాలు వచ్చాయి. ఒకరు గల్ఫ్ దుప్పటి తెచ్చారు. కరీంనగర్ వైపు ఇళ్లలో ఆ మందపాటి పూల దుప్పటి లేని బీరువా తక్కువ. ‘దుబాయి దుప్పటి’ అని అందరూ పిలుస్తారు. మూలకు కుట్టిన గుడ్డముక్క తిప్పి చదివితే చైనాలో తయారైందని ఉంది. తరగతి గోడ మీది ప్రపంచపటానికి దారాలు కట్టాం. మా ఊరి నుంచి కాకినాడ మీదుగా చైనాకు ఎర్రదారం, అది రాయి. చైనా నుంచి దుబాయి రేవు జెబెల్ అలీకి, అక్కడి నుంచి శంషాబాద్ మీదుగా మా ఊరికి నీలిదారం, అది దుప్పటి. రెండు దారాలూ మా ఊళ్లో కలిశాయి. మా ఊరు పటంలో చుక్కగా కూడా లేదు. గుండుసూది గుచ్చి మేమే పెట్టుకున్నాం.

నేను చేసిన ఒక పొరపాటు ఇక్కడే చెప్పాలి. వస్తువుతో పాటు ఇంట్లో గల్ఫ్ వెళ్లినవాళ్ల కథ కూడా చెప్పమని అందరినీ అడిగాను. నాలుగో వరుసలోని అమ్మాయి వంతు వచ్చేసరికి ఆమె లేచి నిలబడి, ఏమీ మాట్లాడకుండా అలాగే ఉండిపోయింది. వాళ్ల నాన్న అక్కడే చనిపోయారు. నాకు తెలియదు. పాఠం కోసం పిల్లల ఇంటి గుట్టు అడిగే హక్కు నాకు లేదని ఆ రోజు నిర్ణయించుకున్నాను. ఇప్పుడు వస్తువు మాత్రమే అడుగుతాను. కథ చెప్పాలో లేదో వాళ్ల ఇష్టం. సొంత అనుభవం నుంచి మొదలుపెట్టాలని శిక్షణల్లో అందరూ చెబుతారు. ఆ అనుభవం పిల్లలకు బరువుగా ఉండొచ్చన్న సంగతి కూడా చెబితే బాగుంటుంది.

ఇదే సందర్భంలో పిల్లలకు నిజంగా పనికొచ్చిన సంగతి ఒకటి ఉంది. పదో తరగతి పాసైన వాళ్ల పాస్‌పోర్టుకు ‘ఎమిగ్రేషన్ చెక్’ షరతు ఉండదు. పది పాసవని వాళ్లు సాధారణంగా ఆ షరతు కింద వస్తారు. గల్ఫ్ లాంటి దేశాలకు పనికి వెళ్లేటప్పుడు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అది కార్మికుడి రక్షణ కోసమే పెట్టిన నిబంధన. వీళ్లు రాయబోయే పరీక్ష, గోడ మీది పటంలోని నీలిదారం, పాస్‌పోర్టు మీది ఒక ముద్ర ఒక్కసారిగా ఒకే విషయంగా కనిపించాయి. అంత నిశ్శబ్దంగా నా తరగతి ఎప్పుడూ వినలేదు.

మళ్లీ మంచు దగ్గరికి

పదో తరగతిలో హిమాలయాల పాఠం వచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుణ్ని అడిగి మూడు పీరియడ్లు అదనంగా తీసుకున్నాను. కెనడాలోని ఆల్బర్టాలో ఓకోటోక్స్ దగ్గర చదునైన గడ్డి మైదానంలో ఒంటరిగా పడి ఉన్న రాయి ఫోటో బోర్డుకు అంటించాను. పేరు చెప్పలేదు. చుట్టూ కొండ లేదు. దాని బరువు సుమారు 16,500 టన్నులని మాత్రం చెప్పాను. మన లారీ మీది దిమ్మెలు ఎన్ని ఇందులో సరిపోతాయో లెక్క కట్టమంటే 850కి పైగా అని వచ్చింది. ‘ఎక్కడిది, ఎవరు మోశారు?’ అని వాళ్లే మొదలుపెట్టారు.

వరద అన్నారు. ఒకరు అగ్నిపర్వతం అన్నారు. ఇంకొకరు ఆకాశం నుంచి పడిందన్నారు. దేన్నీ కాదనలేదు, ఎలా రుజువు చేస్తారని మాత్రం అడిగాను. ఆ రాయి క్వార్ట్‌జైట్, అలాంటి రాయి పడమట రాకీ పర్వతాల్లో ఉందని చెప్పాక ‘దొర్లుకొచ్చిందా?’ అన్నారు. అంత దూరం దొర్లితే మూలలు అరిగిపోవా? చివరికి వెనక బెంచీ అబ్బాయే, ఏడాది కిందట ప్రశ్న అడిగినవాడే, ‘దాన్ని ఎత్తి పెట్టుకుని ఏదో తెచ్చింది సార్’ అన్నాడు. ఎత్తి పెట్టుకుని. భూగోళశాస్త్రంలో హిమానీనదం గురించి దీనికంటే సరైన మాట నేను వినలేదు. కొండచరియ విరిగి మంచు మీద పడింది, మంచు దాన్ని వీపున మోసుకొచ్చి కరిగిన చోట దించింది.

అప్పుడు అతడి పాత ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన సమయం వచ్చింది. ఆ ఏడాది వేసవిలో మా ఊరి రోడ్డు వేశారు. మిగిలిన తారు డ్రమ్ము ఒకటి పంచాయతీ ఆఫీసు వెనక పక్కకు ఒరిగి పడి ఉంది. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. చిన్న ముక్క తీసి సుత్తితో కొడితే గాజులా పగిలింది. డ్రమ్ము మూతి దగ్గర మాత్రం అదే తారు నాలుకలా బయటికి సాగి, నేల మీద గుండ్రంగా పరుచుకుని ఉంది. ఎవరూ పోయలేదు. తన బరువుకు తానే దిగింది. వాళ్లు రెండింటినీ చేత్తో ముట్టుకుని చూశారు. కొడితే పగిలేది, వదిలేస్తే పారేది ఒకే పదార్థం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో మొదలుపెట్టిన కీలు (తారు లాంటి పదార్థం) చుక్కల ప్రయోగంలో ఇప్పటికి తొమ్మిది చుక్కలే పడ్డాయని చెబితే నవ్వి, తర్వాత నవ్వు ఆపేశారు.

తారును మంచుకు అచ్చు గుద్దినట్టు వాడకూడదు, ఇది నేను తరగతిలోనూ చెప్పాను. తారులో స్ఫటికాలు లేవు, మంచు స్ఫటికాల ముద్ద. ఏటేటా పడిన హిమం పైపొరల బరువుకు నలిగి, గాలి బయటికి పోయి, గట్టి మంచుగా మారుతుంది. సుమారు 50 మీటర్ల మందం దాటాక అడుగున ఉన్న మంచు, పైబరువుకు స్ఫటికాల లోపలి పొరలు ఒకదాని మీద ఒకటి జారుతూ సాగుతుంది. పైపొర మీద అంత బరువు ఉండదు కాబట్టి అది సాగలేక పగులుతుంది, పర్వతారోహకులు పడిపోయే పగుళ్లు అవే. కొన్నిచోట్ల అడుగున కరిగిన నీటి పొర మీద మొత్తం ముద్దే జారుతుంది. నేల వాలు, మంచు బరువు, అడుగున నీరు, ఈ మూడూ కలిస్తే వేగం.

కదులుతుందని మనుషులకు ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. స్విట్జర్లాండ్‌లోని ఉంటెరార్ హిమానీనదం మీద ఫ్రాంజ్ జోసెఫ్ హూగి అనే శాస్త్రవేత్త 1827లో ఒక గుడిసె కట్టుకున్నాడు. 1839లో ఇంకో శాస్త్రవేత్త లూయీ అగాసీ వెళ్లి చూసేసరికి ఆ గుడిసె కట్టిన చోటికి కిలోమీటరుకు పైగా కింద ఉంది. గుడిసెను ఎవరూ మోయలేదు. పిల్లలు 12 ఏళ్లకు భాగించి, రోజుకు సుమారు 30 సెంటీమీటర్లని తేల్చారు. ‘అంటే స్కేలు పొడవు!’ అని ఒకరు అరిచారు. ‘నెమ్మదిగా’ అన్న నా పాత జవాబుకు ఆ రోజు ఒక స్కేలు దొరికింది.

ఇంటి నుంచి సబ్బుబిళ్ల, కుళాయి కింది ఇసుక, గులకరాళ్లు తెమ్మన్నాను. రాత్రి డబ్బాలో నీళ్లు, గులకలు కలిపి గడ్డకట్టించి తెచ్చిన మంచుముద్దను సబ్బు మీద నొక్కి లాగారు. సబ్బు మీద సమాంతరంగా గీతలు పడ్డాయి. ఉత్త మంచుతో లాగితే ఏమీ పడలేదు. కోసేది మంచు కాదు, మంచు పట్టుకున్న రాళ్లు. ఈ ఒక్క సంగతి కోసం పుస్తకంలో మూడు పేరాలున్నాయి, సబ్బుకు రెండు నిమిషాలు పట్టింది. ఒక అమ్మాయి నోటుపుస్తకంలో రాసుకున్న వాక్యం నాకు బాగా నచ్చింది: ‘లారీకి కాంటా చీటీ ఉంటుంది. మంచుకు చీటీ ఉండదు, అందుకే గీతలు చూడాలి.’

గుట్ట మీది రాళ్లు

అంతా బాగానే సాగుతుందనుకున్నప్పుడు ఎదురైన చిక్కు ఇది. ‘సార్, మన గుట్ట మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రాళ్లను కూడా హిమానీనదమే పెట్టిందా?’ అన్నారు. తరగతిలో సగానికి పైగా అవుననే అనుకుంటున్నారు. నేను నేర్పిన ప్రశ్నే వాళ్లను అక్కడికి తీసుకెళ్లింది. తెలంగాణ గుట్టల మీది ఆ రాళ్ల వరసలు చూసినవాళ్లకు అలా అనిపించడంలో వింత లేదు.

కాదని చెప్పి ఊరుకోవచ్చు. శనివారం గుట్టెక్కాం. చేతిలో లెన్సు, ఒక మేకు, నోటుపుస్తకం. పైన నిలబడ్డ రాయి నుంచి, దాని కింద ఉన్న రాతినేల నుంచి చిన్న పెచ్చులు తీసి పక్కపక్కన పెట్టారు. అవే గులాబీ గింజలు, అదే నల్ల అభ్రకం. రెండూ ఒకటే రాయి. అంటే పై రాయి ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడిదే. అప్పుడు పగుళ్లు చూపించాను. అడ్డంగా, నిలువుగా చదరాలు గీసినట్టున్న పగుళ్లలోకి నీరు దిగి, మూలలు మూడు వైపుల నుంచి కరిగి, చదరపు దిమ్మె గుండ్రంగా మారుతుంది. చుట్టూ ఉన్న మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోతే మిగిలింది నిలబడుతుంది. ఒక రాయి నుంచి ఉల్లిపొరలా ఊడివచ్చిన పెచ్చు ఒక అబ్బాయి చేతికి వచ్చింది. అరచేతి మందం. దాన్ని తిరిగి రాయికి అతికించి చూశాడు, సరిగ్గా అతికింది.

‘ఊరు తప్పిన రాయి’ అన్న పేరు ఆ గుట్ట మీదే పుట్టింది. కింది నేలతో పోలికలేని రాయి ఊరు తప్పింది. పోలిక ఉన్నది ఊళ్లోదే. ఇంగ్లిషు ‘ఎర్రాటిక్’కు పుస్తకం ఇచ్చే తెలుగు మాట ఇప్పుడు మా తరగతిలో ఎవరూ వాడరు.

నా మటుకు ఈ మొత్తం అనుభవంలో విలువైన రోజు అదే. గోముఖం గురించి తెలుసుకున్నందుకు కాదు, పోలిక తప్పు దారి పట్టించినప్పుడు రుజువుతో వెనక్కి రాగలిగినందుకు. పోలికలు వాడే ఉపాధ్యాయులు ఆ పోలిక ఎక్కడ ఆగిపోతుందో పిల్లలకు చూపించే రోజొకటి తప్పకుండా పెట్టుకోవాలి.

బొగ్గు కింద ఏముంది

మన నేల మీద మంచు ఎప్పుడూ లేదని చెప్పి ముగించి ఉంటే అది అబద్ధమయ్యేది. గుట్ట మీద లేదు, కానీ బొగ్గు కింద ఉంది. సింగరేణిలో అన్వేషణ బోర్లు వేసే విభాగంలో పనిచేసే ఒక తండ్రిని బడికి పిలిచాను. ఆయన మాటలు: ‘బొగ్గు పొరలన్నీ దాటాక ఆకుపచ్చ మట్టిరాయి, గులకలు తగులుతాయి. తాల్చేరు వచ్చిందంటే ఇక కింద బొగ్గు లేదు, రాడ్లు పైకి తీసేస్తాం.’

ఆయన రోజూ పలికే ‘తాల్చేరు’ ఒడిశాలోని ఊరి పేరు. 1856లో భూగర్భ శాస్త్రవేత్తలు బ్లాన్‌ఫర్డ్ సోదరులు, థియోబాల్డ్ అక్కడి రాళ్లను పరిశీలించి, మెత్తటి మట్టిలో పెద్ద బండలు కలగలిసి ఉండటానికి కారణం మంచే అయి ఉండాలన్నారు. ఎండలు మండే ఒడిశాలో మంచు అంటే ఎవరు నమ్ముతారు? వాళ్ల వాదన నీటికీ మంచుకూ ఉన్న తేడా మీద నిలిచింది. నీరు బరువును బట్టి వేరుచేస్తుంది. గోదావరి ఒడ్డుకు వెళితే ఇసుక ఒకచోట, గులకరాళ్లు ఒకచోట ఉంటాయి. మంచుకు ఆ ఎంపిక లేదు. బండనూ దుమ్మునూ కలిపి ఒకేచోట దించుతుంది. పెన్‌గంగ ఒడ్డున, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని ఇరాయి దగ్గర ఆ బండలపొర కింద సున్నపురాతి మీద మంచు గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. మా పిల్లలు సబ్బు మీద చూసిన గీతలే. పెన్‌గంగకు ఈవల ఒడ్డు తెలంగాణ.

సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో అతుక్కుని ఉండేది. మంచు కరిగాక వచ్చిన చిత్తడి అడవులే మన బొగ్గు. ఆ ఉమ్మడి ఖండానికి పెట్టిన గోండ్వానా అన్న పేరు గోండుల నుంచి వచ్చింది, ఆదిలాబాద్ గోండులు మాకు ఇరుగుపొరుగు. మా తరగతిలో ఇద్దరు గోండు పిల్లలున్నారు. దక్షిణ అమెరికా పిల్లల పాఠ్యపుస్తకంలో కూడా ఈ పేరే ఉంటుందని చెప్పినప్పుడు వాళ్లలో ఒకడు పటం దగ్గరికి వెళ్లి బ్రెజిల్ మీద వేలు పెట్టి, ‘ఇక్కడ కూడానా?’ అని రెండుసార్లు అడిగాడు.

కేదార్‌నాథ్, పరీక్ష

చివరి పీరియడ్ కేదార్‌నాథ్. 2013 జూన్ 16, 17 తేదీల వరదలో మన రాష్ట్ర యాత్రికులు ఎందరో చిక్కుకున్నారు కాబట్టి పిల్లల ఇళ్లలో ఆ జ్ఞాపకం ఉంది. చోరాబారీ హిమానీనదం వదిలిన మొరైన్ కట్టలా నిలబడి వెనక చెరువు ఏర్పడింది. భారీ వానకు, కరిగిన మంచుకు ఆ కట్ట తెగింది. మొరైన్ ఎందుకు తెగుతుందో ఇప్పుడు నేను చెప్పనక్కర్లేదు. బండా దుమ్మూ కలగలిసిన కుప్ప, దాన్ని ఎవరూ దిమ్మిస కొట్టలేదు. గుడి వెనక ఆగి వరదను చీల్చిన పెద్ద బండ గురించి అడిగారు. అది మంచు దించిన రాయా, వరద తెచ్చిన రాయా? రెండూ, అని పిల్లలే తేల్చారు: మంచు కొండ మీది నుంచి ఆ లోయలోకి, వరద లోయలోంచి గుడి దగ్గరికి. 2023 అక్టోబరులో సిక్కింలో సౌత్ లోనాక్ చెరువు తెగి చుంగ్‌థాంగ్ ఆనకట్ట కొట్టుకుపోయిన వార్తను తర్వాతి బృందానికి చెప్పినప్పుడు, ‘మొరైన్ కట్టేనా సార్?’ అన్నది వాళ్ల మొదటి ప్రశ్న.

సమ్మేటివ్ పరీక్షకు నేను ఒక ప్రశ్న చేర్చాను. రెండు పళ్లేల్లో రెండు కుప్పల బొమ్మలు. ఒకదాంట్లో గుండ్రటి, ఒకే సైజు రాళ్లు, రెండోదాంట్లో మూలలున్న రాళ్లు, దుమ్ము, ఒక రాయి మీద గీతలు. ఏది ఎవరు తెచ్చారు, ఎలా చెప్పగలరు? ముగ్గురు తప్ప అందరూ కారణంతో సహా సరిగ్గా రాశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు లారీ అని రాశారు. తప్పే, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

కుదరనివి కూడా ఉన్నాయి. సర్క్ ఇప్పటికీ వాళ్లకు పేరుగానే ఉంది. క్వారీ గుంతలో నిలిచిన నీళ్లతో పోలిస్తే, క్వారీనే హిమానీనదం తవ్విందని కొందరు రాశారు. ఆ పోలిక మానేశాను, దానికి సరైనది ఇంకా దొరకలేదు. ప్రపంచీకరణలో ధరల సంగతి, అంటే గుట్ట దగ్గర దిమ్మె ధరకూ వంటింటి గట్టు ధరకూ మధ్య డబ్బు ఎవరికి పోతుందన్నది సగంలో ఆగింది. పెద్దలు పిల్లలకు అంకెలు చెప్పరు. సమయం కూడా నిజమైన అడ్డంకే. ఈ మొత్తానికి పదకొండు పీరియడ్లు పట్టాయి. మిగతా పాఠాల్లో నేను కొన్నింటిని వేగంగా దాటేయాల్సి వచ్చింది, అది పిల్లల మార్కుల మీద పడకుండా చలికాలంలో ఉదయం అరగంట ముందు తరగతులు పెట్టాను.

ఇప్పుడు హిమానీనదం తొమ్మిదిలోనే ఇలా చెబుతున్నాను. లారీతో మొదలు, సబ్బు, తారు, గుట్ట ఆ వరుసలో. బోర్ల విభాగంలో పనిచేసే ఆ తండ్రి మరుసటి ఏడాది మళ్లీ వచ్చారు. వాళ్లు తీసిపారేసిన ముక్కల్లోంచి అరచేతిలో పట్టేంత ఒక పెచ్చు తెచ్చి ఇచ్చారు. ఆకుపచ్చ మట్టిరాయి, దాని మధ్య ఇరుక్కున్న లేత గులాబీరంగు గ్రానైట్ గులక ఒకటి. తరగతి బల్ల మీద గాజు డబ్బాలో ఉంచాం. అయిదు ప్రశ్నలతో చీటీ ఒక అమ్మాయి రాసింది. ఎవరు మోశారు: మంచు. దారిలో ఏమైంది: ఒక పక్క అరిగింది. చేరిన చోట: బొగ్గు కింద. బయల్దేరిన చోట ఏం మిగిలింది అన్నదానికి ‘గుంత ఉంటుంది, వెతకాలి’ అని రాసింది. ఎక్కడిది అన్న మొదటి గడి ఖాళీగా వదిలేసింది. ఇంకా ఖాళీగానే ఉంది.